ఎవరి చెవికి వారిదే

కుముదిని ఉద్యోగమే శబ్దం. విశాఖపట్నంలో రుషికొండ దగ్గర ఒక ఆడియో కంపెనీ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఆమె చేస్తున్న పని, మనుషుల చెవికి ఏది ఇంపుగా ఉంటుందో తేల్చడం. బంధువులు, బంధువుల బంధువులు హోమ్ థియేటర్ కొనాలంటే ముందు ఆమెకే ఫోన్ చేసేవారు. హాలు ఎంతుంది, గోడలకు కర్టెన్లున్నాయా, సోఫా ఎటు తిరిగి ఉంది అని నాలుగు మాటలు అడిగి ఫలానాది కొనుక్కోండి అని చెప్పేది. ఆ మాట తప్పేది కాదు. అలాంటి మనిషి తన ఇంటికి మాత్రం ఒక చిన్న హోమ్ థియేటర్ ఎంచుకోలేక ఏడాదిగా తిప్పలు పడుతోంది.

వాళ్ల ఇల్లు మురళీనగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. హాలు ఇరుకు. ఒక గోడకు టీవీ, ఎదురుగా సోఫా, కిటికీ పక్కన అత్తగారు పైడితల్లి దివాన్. భోజనాల బల్లే కూతురు మోక్షితకు చదువుల బల్ల కూడా. భర్త జగదీష్ పోర్టులో కంటైనర్ల యార్డు సూపర్‌వైజరు. ఇంటికి వచ్చాక అతని ఫోన్లో క్రికెట్టో వార్తలో ఏదో ఒకటి మోగుతూ ఉండాలి. ఇక పైడితల్లి, వయసులో ఉండగా విజయనగరం అవతల ఒక జూట్ మిల్లులో మగ్గాల మీద పనిచేసింది. ఆ మోత ఆవిడ వినికిడిని సగానికి పైగా తినేసింది. చెవి మిషను పెట్టుకుంటే బుర్రలో కందిరీగలు దూరినట్టుందని తీసి డబ్బాలో పడేసింది. అందువల్ల ఆవిడ టీవీ పెట్టిందంటే వీధి చివరి ఇస్త్రీ బండి వరకూ వినిపించాల్సిందే.

కుముదిని మొదట టీవీ కింద పెట్టే పొడుగాటి సౌండ్‌బార్ తెచ్చింది. మాటలు తేటగా వచ్చాయి గానీ అత్తగారికి అందలేదు. ఆ తర్వాత గది నాలుగు మూలలా బిగించే బుల్లి స్పీకర్లు తెచ్చింది. మోక్షిత చదువుకునే చోటికే మోత ఎక్కువైంది. ఇంకొకదానితో బేస్ డబ్బా ఒకటి వచ్చింది. అది పెట్టిన సాయంత్రమే కింది ఫ్లాటు పెద్దాయన మెట్లెక్కి వచ్చి, "మా దేవుడి గదిలో దీపం వణికిపోతోందమ్మా" అని చెప్పి వెళ్లాడు.

"నానమ్మా, కొంచెం తగ్గించవా? రేపు నాకు ఫిజిక్స్ పరీక్ష!" మోక్షిత రెండు చెవులూ మూసుకుని అరిచేది.

"ఏటే? ఏటంటన్నాది పిల్ల?"

"తగ్గించమంటోందమ్మా!" జగదీష్ అంతకన్నా గట్టిగా అరిచేవాడు.

"తగ్గిస్తే ఇంకేటుందిరా సూడ్డానికి? నోళ్లాడించే బొమ్మలే కదా."

జగదీష్ భార్య వైపు తిరిగి, "ఊళ్లో అందరికీ సౌండ్ సిస్టమ్‌లు చెబుతావు. మనింటికి ఒక్కటి చెప్పలేవేంటి?" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు గానీ, కుముదినికి ముల్లులా గుచ్చుకునేది.

గుచ్చుకున్న ముల్లే ఆమెను పనిలోకి దింపింది. నలుగురికి నాలుగు రకాల చెవులుంటే ఒకే శబ్దం ఎందుకు మోగాలి? గదిని శబ్దంతో నింపే బదులు ఒక్కొక్క చెవికీ విడిగా చేరవేస్తే?

ప్రయోగశాలలో చెవుల్లో మైకులు పెట్టిన రబ్బరు తల ఒకటుంది. ఎంత మోత పెట్టినా ఓర్చుకుంటాడని అందరూ దాన్ని గురవయ్య అని పిలిచేవారు. కుముదిని గురవయ్య పక్కన ఇంకో రబ్బరు తలను పెట్టి నెలల తరబడి వాటితోనే కాలం గడిపింది. చివరికి తయారైంది జానెడు పొడవున్న నల్లటి పట్టీ. అందులో ఆవగింజలంత స్పీకర్లు వందల కొద్దీ. పై అంచున ఒక చిన్న కెమెరా కన్ను, గదిలో ఎవరి తల ఎక్కడుందో కనిపెడుతూ ఉంటుంది. టీవీదైనా ఫోన్‌దైనా, ఎవరికి కావలసిన శబ్దం వారి చెవి దగ్గరే పుడుతుంది. పక్కవారిది అటు రాబోతే ఎదురు అలను పంపి దాన్ని అక్కడికక్కడే చదును చేసేస్తుంది.

ప్రయోగశాల పెద్ద ఫణిభూషణ్ వచ్చి రెండు రబ్బరు తలల మధ్య తన తల పెట్టాడు. కొంచెం కుడికి జరిగితే హరికథ. ఎడమకు జరిగితే క్రికెట్ కామెంటరీ. చిన్నపిల్లాడిలా నాలుగైదుసార్లు అటూ ఇటూ జరిగాడు.

"ఒకదాని జాడ ఇంకొకదాంట్లో లేదు కుముదినీ! దీనికి పేరు నేను పెడతాను. ఏకశ్రుతి."

"నలుగురూ నాలుగు వినే యంత్రానికి ఏకశ్రుతి ఏంటి సార్?"

"పేరు బాగుంది కదా. వదిలెయ్." అని నవ్వి, "ముందు మీ ఇంట్లోనే పెట్టి చూడు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆ ఇంట్లో పండగే అయింది. అత్తగారి చెవులు పోగొట్టుకున్న సన్నని శబ్దాలను ఏకశ్రుతి వెతికి వెతికి పెంచి అందించేలా కుముదిని అమర్చింది. సీరియల్లో ఎక్కడో వాన కురుస్తోంది. పైడితల్లి గభాలున కిటికీ వైపు తిరిగింది.

"వాన పడతన్నాదేటే? బట్టలు తియ్యలేదు మేడ మీద!"

"బయట కాదత్తయ్యా. టీవీలో."

పైడితల్లి కాసేపు టీవీని, కాసేపు కిటికీని చూసింది. వాన చప్పుడు ఎలా ఉంటుందో ఆవిడ మర్చిపోయి చాలా ఏళ్లయింది. కోడలి రెండు చేతులూ పట్టుకుంది.

"నా సెవులు నాకు తెచ్చిచ్చీసినావే తల్లీ" అంది. ఆవిడ కళ్లు తడిశాయి.

మోక్షిత బల్ల దగ్గర తన పాఠాలు తను వింటోంది. జగదీష్ సోఫాలో కూర్చుని ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు. ఎవరి చెవిలోనూ ఏమీ పెట్టుకోలేదు. ఎవరి మోతా ఎవరికీ తగలడం లేదు. పగలంతా శబ్దాలతో వేగిన కుముదిని మాత్రం తన వంతుకు నిశ్శబ్దం పెట్టుకుంది. తెల్లటి, మెత్తటి నిశ్శబ్దం. సోఫా ఈ చివర కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఎన్నాళ్లకో తన ఊపిరి తను విన్నది.

ఆ రోజుల్లో ఏకశ్రుతి గదిలో మాట్లాడే మాటలను ఆపేది కాదు. సంగీతం, సినిమా, కామెంటరీ విడదీసేది గానీ మనిషి గొంతు వినిపిస్తే దారి ఇచ్చేది. పరీక్ష కోసం కంపెనీ దాన్ని ఊళ్లో చాలా ఇళ్లకు ఇచ్చింది. అక్కడి నుంచి వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. సినిమా మంచి పట్టులో ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ల మాటలు మధ్యలో దూరుతున్నాయి.

"వాళ్లకు రెండూ కావాలి," అన్నాడు ఫణిభూషణ్. "పిలిస్తే వినబడాలి. విసిగిస్తే వినబడకూడదు."

"ఏది పిలుపో ఏది విసుగో యంత్రానికి ఎలా తెలుస్తుంది సార్?"

"మనిషికి తెలుసు కదా. మనిషిని చూసి నేర్చుకోమను."

కుముదిని అదే చేసింది. ఎవరైనా మాట్లాడినప్పుడు వినేవారు తల తిప్పుతున్నారా, బదులు పలుకుతున్నారా అని ఏకశ్రుతి చూస్తుంది. పలికితే ఆ గొంతుకు దారి వెడల్పు చేస్తుంది. పలక్కపోతే కొంచెం కొంచెంగా తగ్గిస్తుంది. గురవయ్య తలను తిరిగే పీట మీద పెట్టి, కుముదిని ఎదురుగా నిలబడి "గురవయ్యా, అన్నానికి రా" అని మళ్లీ మళ్లీ పిలిచింది. పీట కదల్లేదు. గురవయ్య చెవిలో ఆమె గొంతు సన్నబడుతూ సన్నబడుతూ, ఆఖరికి తెర మీద ఒట్టి గీతగా మిగిలింది.

పక్కనున్న టెక్నీషియన్ నవ్వాడు. "ఈ సదుపాయం మా ఇంట్లో నాకు పెళ్లయిన కాణ్ణుంచీ ఉంది మేడం."

అందరూ నవ్వారు. కుముదినీ నవ్వింది. మర్నాడు ఆ మార్పు పరీక్ష ఇళ్లన్నిటికీ వెళ్లింది. ఆమె ఇంటికి కూడా.

ఆ తర్వాత ఇల్లు క్రమంగా సద్దుమణిగింది. మొదట అది ఎంత బాగుందో చెప్పలేం. తలుపు తీసుకుని లోపలికి వస్తే ముగ్గురూ ముగ్గురి చోట్లలో కూర్చుని ఉండేవారు. ఎక్కడా ఒక్క అరుపు లేదు. మోక్షిత మార్కులు పెరిగాయి. జగదీష్ మునుపటిలా చిరాకు పడటం మానేశాడు. పొద్దస్తమానం సీరియల్ కథలు చెప్పే అత్తగారు కూడా నెమ్మదించింది. పెద్దతనం వచ్చి ఆవిడ నోరు చల్లబడిందనుకుంది కుముదిని. ఒక్కోసారి దివాన్ మీద ఆవిడ పెదవులు కదలడం కనిపించేది. సీరియల్లో మనుషులతో మాట్లాడుకుంటోంది కాబోలు అనుకుని కళ్లు మూసుకునేది.

కొన్నాళ్లకు ఆ నెమ్మది తేడాగా అనిపించసాగింది. జగదీష్ ఉన్నట్టుండి పగలబడి నవ్వేవాడు. దేనికి నవ్వాడో తెలిసేది కాదు. మోక్షిత కళ్లు తుడుచుకునేది. ఏ పాట విందో, ఏ సినిమా చూసిందో తెలిసేది కాదు. మునుపు పైడితల్లి సీరియల్లో విలన్ ఏ పన్నాగం పన్నినా ఇంటిల్లిపాదికీ తెలిసేది. ఇష్టం లేకపోయినా తెలిసేది. జగదీష్ ఫోన్లో సిక్సర్ పడితే మోక్షిత పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఎవరు కొట్టారు?" అనేది. ఇప్పుడు ఒకే గదిలో నలుగురు నాలుగు దీవుల్లో ఉన్నారు.

ఒక సాయంత్రం కుముదిని ఆఫీసులో జరిగిన సంగతి ఒకటి చెప్పడం మొదలుపెట్టింది. ఆమెకు పెద్ద ప్రాజెక్టు అప్పగించారు, చెన్నై వెళ్లి మాట్లాడి రావాలి. ఎప్పట్నుంచో ఎదురుచూస్తున్నదే. మాట ముగించి చూస్తే జగదీష్ ఫోన్ తెర వైపే చూస్తున్నాడు. మోక్షిత రాసుకుంటోంది. అలిగినట్టు వంటింట్లోకి వెళ్లి, కంచాలు పెట్టి, హాల్లోకి వచ్చి పిలిచింది.

"అన్నం వడ్డిస్తున్నాను. రండి."

ఎవరూ కదల్లేదు.

"మోక్షీ! ఏమండీ!"

ఎవరూ తల ఎత్తలేదు. ఆమెకు కోపం ముంచుకొచ్చింది. "ఇల్లంటుకుంది" అంది మామూలు గొంతుతో. తర్వాత అరిచింది. ఇంకా గట్టిగా అరిచింది. జగదీష్ సోఫా వెనక నిలబడి, అతని తలకు జానెడు దూరంలో రెండు చేతులతో చప్పట్లు కొట్టింది. జగదీష్ తల గోక్కున్నాడు. అంతే.

అప్పుడు ఆమె కోపం చల్లబడిపోయింది. దాని చోటులోకి ఇంకేదో వచ్చింది. గురవయ్య పీట గుర్తొచ్చింది. అన్నానికి రమ్మని, చదువుకోమని, మందులు వేసుకోమని, తువ్వాలు ఆరెయ్యమని ఈ ఇంట్లో అందరికన్నా ఎక్కువ మాట్లాడేది తనే. అందరూ ఎక్కువగా పలకనిదీ తనకే. యంత్రం చూసింది, నేర్చుకుంది.

జగదీష్ భుజం మీద చెయ్యి వేసింది. అతను ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చేవు?"

"చాలాసేపైంది."

"మరి పిలవొచ్చు కదా!"

కుముదిని పట్టీ వైర్ తీసేసి భోజనం వడ్డించింది. భోజనాల దగ్గర సంగతి చెబితే మోక్షిత బిక్కమొహం వేసింది. జగదీష్ మాత్రం, "ఎంత పని చేసింది నీ మిషను!" అని తేలిగ్గా నవ్వేశాడు. అప్పుడు పైడితల్లి తల వంచుకుని మెతుకులు కెలుకుతోంది. పట్టీ వైరు తీసేసి ఉంది గనుక ఆవిడకు ఈ మాటలేవీ అందలేదు. మర్నాడు కుముదిని ఆఫీసుకు వెళ్లేసరికి ముగ్గురిలో ఎవరో మళ్లీ దాన్ని తగిలించారు. ఎవరని ఆమె అడగలేదు.

ఆమె నేరుగా ఫణిభూషణ్ గదికి వెళ్లింది.

"ఆ నేర్చుకునే భాగం తీసేద్దాం సార్."

"ఎందుకు? అది పెట్టాకే జనం దీన్ని వదలలేకపోతున్నారు. ఇన్ని ఇళ్లలో పెట్టాం. ఫిర్యాదు ఒక్కటి కూడా లేదు."

"ఫిర్యాదు ఎవరు చేస్తారు సార్? ఎవరి గొంతు పోయిందో వాళ్లు ముందు ఇంట్లోవాళ్లకే కదా చెప్పుకుంటారు? అక్కడ వినేదెవరు?"

ఫణిభూషణ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. చెడ్డవాడు కాదు.

"నువ్వు అలసిపోయావు. ఈ ఆదివారం ఇంట్లో హాయిగా ఉండు. సోమవారం మాట్లాడుకుందాం."

ఆదివారం కుముదిని వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. పైడితల్లి టీ పోసుకోవడానికి వచ్చింది. గ్లాసు ఎదురుగా పెట్టుకుని, గిన్నె వంచి, టీని సరిగ్గా గ్లాసు పక్కన గట్టు మీద పోసింది. వేడి టీ పాదాల మీదికి కారింది. ఆవిడ గబుక్కున వెనక్కి జరిగి తలుపు అంచుకు కొట్టుకుంది.

"అత్తయ్యా! కాలిందా? చూసుకోలేదా?" కుముదిని గట్టిగా అరుస్తూనే నీళ్లు తెచ్చి పాదాల మీద పోసింది.

"ఇటేపు కన్ను పోయింది కదే," అంది పైడితల్లి మామూలుగా, ఎప్పుడో అందరికీ తెలిసిన విషయం చెప్పినట్టు.

ఆసుపత్రిలో కళ్ల డాక్టరు ఎడమ కంట్లోకి చాలాసేపు చూశాడు. చేతులు కడుక్కుని వచ్చి, కంటి లోపలి పొర ఊడిపోయిందని చెప్పాడు. మొదట్లోనే వస్తే ఆపరేషన్ చేసి చూపు నిలిపేవాళ్లం, ఇప్పుడు చేసినా వెలుతురు చీకటి తేడా తెలిస్తే గొప్ప అన్నాడు. తర్వాత పైడితల్లి చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగాడు.

"మిణుగురులు కనబడి ఉంటాయి కదమ్మా? పక్కనుంచి నల్లటి తెర దిగినట్టుండి ఉంటుంది. ఇన్నాళ్లూ ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

"సెప్పేను బాబూ," అంది పైడితల్లి. "అందరికీ సెప్పేను."

జగదీష్ తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని గొంతు పెంచాడు. "ఎప్పుడు చెప్పేవమ్మా? నాకెప్పుడు చెప్పేవు?"

"నువ్వు కిరికెట్టు సూస్తండగా సెప్పేను. పలకలేదు. పిల్లకి సెప్పేను. రాసుకుంటన్నాది, తలెత్తలేదు." ఆవిడ కుడి కన్ను కోడలి కోసం వెతికింది. "నీకైతే సేనాసార్లు సెప్పేనమ్మీ. ఒకసారి నా యేపు సూసి మరీ కళ్లు మూసుకున్నావు. పోన్లే, యిసుగొచ్చినట్టున్నాది, అలిసిపోయొస్తాది గదా అనుకున్నాను. ఇంక సెప్పలేదు. ఎన్నిసార్లని సెప్తాం, మనకీ సిగ్గుంటాది కదా."

దివాన్ మీద కదిలిన పెదవులు కుముదిని కళ్ల ముందు మెదిలాయి. తన గొంతు ముగ్గురి చెవుల్లోంచి చెరిగిపోయిందని నాలుగు రోజులుగా కుమిలిపోతోంది. తన చెవిలోంచి ఒక గొంతు ఎప్పుడో చెరిగిపోయిందన్న ఆలోచనే రాలేదు. సీరియల్ కథలకు తను పలకడం మానేసింది. యంత్రం చూసింది. మిణుగురుల సంగతి, నల్ల తెర సంగతి, అన్నీ కలిపి మెత్తటి నిశ్శబ్దం చేసి ఆమెకు అందించింది. దాన్నే హాయి అనుకుంది.

ఆపరేషన్ చేశారు. డాక్టరు చెప్పినట్టే అయింది.

ఫణిభూషణ్ విని చాలా బాధపడ్డాడు. ఆసుపత్రికి పళ్లు పట్టుకుని వచ్చి, పైడితల్లికి నమస్కారం పెట్టి, కుముదినిని వరండాలోకి పిలిచాడు.

"దీనికి దారి ఉంది. కొన్ని మాటలు ఏం జరిగినా చెవిలో పడేలా పెడదాం. నొప్పి, రక్తం, మంట, పడిపోయాను, ఇలాంటివి. ఏ మాటలు ఉండాలో నువ్వే తేల్చు. నీకన్నా బాగా తెలిసినవాళ్లు లేరు."

కుముదిని ఒప్పుకుని ప్రయోగశాలకు వెళ్లి కూర్చుంది. నొప్పి, రక్తం, మంట అని మొదలుపెట్టింది. అత్తగారు తనతో ఏమని చెప్పిందో ఆవిడనే అడిగి తెలుసుకుంది. 'మిణుగురులు ఎగురుతన్నాయే, ఈ కాలంలో మిణుగురులేటమ్మీ' అందట. మిణుగురులు ఏ నొప్పుల కింద వస్తాయి? తను చెన్నై సంగతి చెప్పిన సాయంత్రం అన్న మాటల్లో ఏ ఒక్కటైనా ఇందులో ఉంటుందా? మోక్షిత ఎప్పుడైనా తన మనసులో మాట చెప్పబోయి, ఎవరూ పలక్కపోతే ఊరుకుందేమో, ఆ మాట ఏమై ఉంటుంది? ఆమె పొద్దుపోయేదాకా కూర్చుంది. చివరికి లేచి, తను ఈ పని చేయలేనని, ఏకశ్రుతి బయటికి వెళ్లడానికి తను సంతకం పెట్టనని ఫణిభూషణ్‌కు చెప్పింది.

సంతకం ఇంకొకరు పెట్టారు. మాటలు కూడా ఇంకొకరే తేల్చారు. కుముదినిని కారు హారన్ల విభాగానికి మార్చారు. చెన్నై ప్రాజెక్టు గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంట్లో మాత్రం తేల్చుకోవలసింది మిగిలి ఉంది. నేర్చుకునే భాగం తీసేసి, ఒట్టి వినికిడి సాయానికి ఏకశ్రుతిని ఉంచడం కుముదినికి చిటికెలో పని. కన్ను పోయిన మనిషికి చెవులు కూడా ఎందుకు తీసేయాలి? అదే మాట అత్తగారి పక్కన కూర్చుని, ఏకశ్రుతి పెట్టి ఉండగానే, విడమర్చి చెప్పింది.

"ఇకమీద ఎవరి గొంతూ తగ్గించదత్తయ్యా. నేనే మార్చేను. మీకు అన్నీ వినబడతాయి."

పైడితల్లి టీవీ వైపు తిరిగింది. టీవీలో ఎవరిదో పెళ్లి జరుగుతోంది. సన్నాయి సన్నటి గమకంతో సహా ఆవిడకు అందుతోంది. ఆవిడ కాసేపు విన్నది.

"వద్దులే. తీసీ."

"ఎందుకత్తయ్యా? మళ్లీ ఏమీ వినబడదు."

"వినబడదని తెలుస్తాది కదే. ఇదుంటే, నేను పిలిసినప్పుడు మీరు పలకలేదనుకో, అది సేసిందో మీరే సేసినారో నాకెలా తెలుస్తాది? మనుసులో అదే పీకుతాది. అది లేకపోతే ఆ అనుమానం ఉండదు."

కుముదిని లేచి వెళ్లి వైరు పీకింది. సన్నాయి ఆగిపోయింది. పైడితల్లి ముఖంలో ఏదో ఒక దీపం తగ్గించినట్టయింది. ఆవిడ చీర చెంగు సర్దుకుని కూర్చుంది.

మళ్లీ ఒక చిన్న సెట్టు కావాల్సి వచ్చింది. డాబాగార్డెన్స్‌లో దుకాణానికి వెళితే, అమ్మేవాడు ఆమెను ఎరగక, నల్లటి పట్టీని ముందు పెట్టాడు.

"ఇది తీసుకోండి మేడం. ఇంకేదీ చూడక్కర్లేదు. ఒకరి గోల ఒకరికుండదు. వచ్చిన సరుకు వచ్చినట్టే పోతోంది."

"నాకు రెండు చిన్న డబ్బాలు చాలు," అంది కుముదిని. "ఒకటి విడిగా తీసి దివాన్ వెనక, చెవి దగ్గర పెట్టుకునేలా ఉండాలి. మాటలు తేటగా వస్తే చాలు. బేస్ వద్దు."

అతను జాలిగా చూసి లోపల్నుంచి తెచ్చిచ్చాడు. కుముదిని వాటిలో ఒక దాన్ని దివాన్ వెనక బిగించింది. మోత తగ్గింది గానీ పోలేదు. మోక్షిత బల్ల ఖాళీ చేసి పడకగదిలోకి మారింది. కొన్నాళ్లు నానమ్మ పక్కన వచ్చి కూర్చునేది, చుక్కల మందు వేసేది. ఆ తర్వాత పరీక్షలు, స్నేహితులు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు. జగదీష్ ఆసుపత్రి నుంచి వచ్చిన కొత్తలో తల్లిని వదిలేవాడు కాదు. ఇప్పుడు బాల్కనీలో కుర్చీ వేసుకుని ఫోన్ చూసుకుంటాడు, తలుపు దగ్గరగా వేసుకుని. హాల్లో అత్తాకోడళ్లు మిగిలారు.

పైడితల్లి ఈమధ్య టీవీ పెట్టమని అంతగా అడగదు. ఒక కన్నుతో చూస్తే తల నొప్పి పుడుతోందట. దానికి బదులు మాట్లాడుతుంది. వినబడకపోవడం వల్ల తన గొంతు ఎంత ఉందో ఆవిడకే తెలియదు. ఒకసారి గుసగుసగా, ఒకసారి కేకలాగా. సీరియల్ కథలు కావు, ఆవిడ సొంత కథలు. మగ్గాల మధ్య సైగలతో మాట్లాడుకునే ఆడవాళ్ల గురించి, మిల్లు మూసేశాక సామాను మూట కట్టుకుని ఉప్పు లారీ మీద విశాఖపట్నం రావడం గురించి. కుముదిని "ఊఁ" కొడితే ఆవిడకు వినబడదు. అందుకని పక్కన కూర్చుని, ఆవిడ చేతి మీద చెయ్యి వేసి ఉంచుతుంది. వింటున్నాననడానికి అదే గుర్తు. మాట మధ్యలో వేళ్లతో కొంచెం నొక్కుతుంది. చెయ్యి తీస్తే పైడితల్లి ఎక్కడి మాట అక్కడ ఆపేస్తుంది.

ఒక సాయంత్రం కథ మంచి పట్టులో ఉంది, ఉప్పు లారీ విజయనగరం దాటి వస్తోంది. వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. కుముదిని చెయ్యి తీసి లోపలికి పరుగెత్తింది. మంట తగ్గించి, పప్పు దించి, చేతులు తుడుచుకుని వచ్చేసరికి పైడితల్లి అలాగే ఉంది, సగం మాట పెదవుల మీద పెట్టుకుని, చెయ్యి ఒళ్లో వెల్లకిలా తెరిచి. కుముదిని కూర్చుని ఆ చేతిలో చెయ్యి పెట్టింది.

"ఎక్కడున్నానే అమ్మీ?"

కుముదిని ఆవిడ చెవి దగ్గరికి వంగి, గుండె నిండా ఊపిరి తీసుకుని, వీధికంతటికీ వినబడేలా అరిచింది.

"లారీ ఇంకా తగరపువలస దాటలేదత్తయ్యా!"